పిల్లలకు మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి దారి మూసుకుపోతే
థియేటరు సిబ్బందికి, వార్డు సిస్టర్లకు, తల్లిదండ్రులకు ఒక పాఠం



టాన్సిల్స్, గ్రహణం మొర్రి, హెర్నియా, చెవిలోనో ముక్కులోనో ఇరుక్కున్న గింజ తీయడం. మిషన్ ఆసుపత్రులలో పిల్లలకు జరిగే ఆపరేషన్లు చాలావరకు ఇటువంటివే. అరగంటలోనో గంటలోనో ముగుస్తాయి. పెద్దవారికైతే నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి, లేదా ఆ భాగం వరకే తిమ్మిరి చేసి కొన్ని ఆపరేషన్లు చేయవచ్చు. మూడేళ్ల పిల్లవాడు కదలకుండా పడుకోడు కనుక అతనిని పూర్తిగా నిద్రపుచ్చాలి. దీనినే జనరల్ ఎనస్థీషియా అంటాము. ఆపరేషన్ చిన్నది కావచ్చు గాని, ఈ మత్తును ఎన్నడూ చిన్నదిగా చూడకూడదు.

ఐరోపాలోని 33 దేశాలలో, 261 ఆసుపత్రులలో పిల్లలకు ఇచ్చిన సుమారు 31 వేల మత్తులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. ప్రతి 100 మత్తులలో 5 సార్లు వెంటనే చేయి వేయవలసిన తీవ్రమైన ఇబ్బంది ఎదురైంది. అందులో 3 ఊపిరికి సంబంధించినవే. అన్ని వసతులూ ఉన్న దేశాలలోనే పరిస్థితి ఇది. ఒకే ఒక మత్తు డాక్టరు ఉన్న చిన్న ఆసుపత్రిలో, ఆ డాక్టరు పక్కన నిలబడే సిస్టరు చేతులు కూడా బిడ్డ ప్రాణానికి ఆధారమే. అందుకే ఈ సంచికలో ఈ పాఠం తీసుకున్నాము.

పాఠం మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, పసిబిడ్డ ఊపిరి ఆగిన తరువాత మన చేతిలో ఉండే సమయం బహు కొద్ది. ఆ సమయాన్ని ముందురోజు వార్డులోనూ, ఉదయం థియేటరు సర్దేటప్పుడూ సంపాదించి పెట్టుకోవాలి.

పిల్లలకు సమయం ఎందుకు తక్కువ?

పెద్దవారి శరీరం కిలో బరువుకు నిమిషానికి 3 నుండి 4 మి.లీ. ఆక్సిజన్ వాడుకుంటుంది. పసిబిడ్డ శరీరం 6 నుండి 8 మి.లీ. వాడుకుంటుంది. అంటే ఖర్చు రెట్టింపు. నిల్వ చూస్తే తక్కువ. ఊపిరితిత్తులలో మిగిలి ఉండే గాలే ఆ నిల్వ, మత్తులో అది ఇంకా తగ్గిపోతుంది. ముందుగా మాస్కుతో ఆక్సిజన్ బాగా పట్టించిన తరువాత కూడా, ఊపిరి ఆగితే ఆరు నెలల లోపు బిడ్డకు శాచురేషన్ 90కి పడిపోవడానికి సుమారు ఒకటిన్నర నిమిషం పడుతుంది. పదేళ్లు దాటిన పిల్లలకు ఐదారు నిమిషాల వరకు పట్టవచ్చు. జ్వరం, జలుబు, నిమ్ము ఉన్న బిడ్డకు ఆ ఒకటిన్నర నిమిషం కూడా దొరకదు.

దారి కూడా ఇరుకే. పసిబిడ్డ తల వెనుక భాగం పెద్దది. వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకు వంగి గొంతు దారి మడతపడుతుంది. నోటి పరిమాణానికి నాలుక పెద్దది. స్వరపేటిక పెద్దవారిలో కంటే పైన ఉంటుంది. 4 మి.మీ. వెడల్పున్న పసిబిడ్డ శ్వాసనాళంలో చుట్టూ 1 మి.మీ. వాపు వస్తే, గాలి పోయే దారి 75 శాతం మూసుకుపోతుంది. 8 మి.మీ. ఉన్న పెద్దవారి నాళంలో అదే వాపు వస్తే 44 శాతం మాత్రమే తగ్గుతుంది. పెద్దవారికి గొంతు బొంగురుపోయేంత వాపు పసిబిడ్డకు ప్రాణాంతకం అయ్యేది ఇందువల్లనే.

లారింగోస్పాజం అంటే ఏమిటి?

మనం నీళ్లు తాగుతూ నవ్వితే పొలమారుతుంది. నీళ్లు ఊపిరితిత్తులలోకి పోకుండా స్వరతంత్రులు దగ్గరకు వచ్చి దారి మూసివేస్తాయి. దేవుడు శరీరంలో ఉంచిన కాపలా ఇది. మెలకువగా ఉన్నప్పుడు ఆ తలుపు క్షణంలో తిరిగి తెరుచుకుంటుంది. మత్తు పూర్తిగా ఎక్కకముందో, పూర్తిగా దిగకముందో, ఆ మధ్యస్థితిలో ఒక చుక్క ఉమ్మి గాని రక్తం గాని తగిలితే తలుపు బిగుసుకుపోయి తెరుచుకోదు. దీనినే లారింగోస్పాజం అంటారు.

స్వీడన్‌లో లక్షకు పైగా మత్తులను పరిశీలించి 1984లో ప్రచురించిన లెక్కల ప్రకారం, అన్ని వయసులవారిలో ఇది 1000కి సుమారు 9 మందికి వచ్చింది. 9 ఏళ్ల లోపు పిల్లలలో 1000కి సుమారు 17 మందికి వచ్చింది. నోటిలో, గొంతులో చేసే ఆపరేషన్లలో ముప్పు ఎక్కువ. మత్తు పలచగా ఉండగా కాన్యులా గుచ్చినా, బిడ్డను బల్ల మీద అటూ ఇటూ కదిపినా, సక్షన్ గొట్టం గొంతులో తగిలినా రావచ్చు.

ఎలా గుర్తించాలి?

దారి సగం మూసుకుంటే ఊపిరి పీల్చేటప్పుడు సన్నని కూత వినిపిస్తుంది. మెడ గుంట లోపలికి పోతుంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతుంది. పూర్తిగా మూసుకుంటే ఏ శబ్దమూ ఉండదు. కొత్తగా వచ్చినవారు పొరబడేది ఇక్కడే. కూత ఆగింది కదా, బిడ్డ కుదుటపడ్డాడు అనుకుంటారు. ఛాతీ లోపలికి పోతూ పొట్ట పైకి లేస్తుంటే, బ్యాగు కదలకుండా ఉంటే, కాప్నోగ్రాఫ్ గీత సమంగా అయిపోతే, గాలి పోవడం లేదని అర్థం. పల్స్ ఆక్సీమీటరు ఈ సంగతిని కొంత ఆలస్యంగా చెబుతుంది. అంకె పడేదాకా ఆగితే, ఉన్న కొద్ది సమయంలో సగం పోయినట్టే.

మన గడ్డ మీద జరిగిన ఒక చరిత్ర ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1888, 1889 సంవత్సరాలలో నిజాం ఆర్థిక సహాయంతో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. వాటిని నడిపించిన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, మత్తు ఇచ్చేవారు నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండాలని వాదించాడు. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదన్న ఆయన అభిప్రాయం తరువాతి పరిశోధనలలో నిలబడలేదు. ఊపిరి మీదనుండి కన్ను తీయవద్దన్న హెచ్చరిక మాత్రం పిల్లల విషయంలో నేటికీ పనికివస్తుంది. ఎందుకంటే బిడ్డ గుండె తనంతట తాను ఆగడం అరుదు. ఆక్సిజన్ అందక నెమ్మదించి ఆగుతుంది. మత్తులో ఉన్న బిడ్డ నాడి నెమ్మదిస్తే మొదట చూడవలసినది ఊపిరినే.

చేయవలసిన పనులు వరుసగా

1. పైకి వినబడేలా చెప్పండి. "లారింగోస్పాజం" అన్న మాట గదిలో అందరికీ వినిపించాలి. సర్జన్ చేస్తున్న పని ఆపాలి. సహాయానికి మరొకరిని పిలవాలి.

2. 100 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. నోటిలో రక్తం, ఉమ్మి కనబడితే మెత్తగా, ఒక్కసారి సక్షన్ చేయాలి. గొంతులో పదే పదే పొడవకూడదు. అది తలుపును ఇంకా బిగిస్తుంది.

3. రెండు చేతులతో దవడను ముందుకు లాగి, మాస్కును గాలి కారకుండా ముఖానికి అదిమి పట్టాలి. బ్యాగులో ఒత్తిడిని నిలకడగా ఉంచాలి. తలుపు మూసి ఉండగా బ్యాగును బలంగా నొక్కితే గాలి కడుపులోకి పోతుంది. పొట్ట ఉబ్బి ఊపిరి ఇంకా కష్టమవుతుంది, వాంతి కూడా కావచ్చు. ఒకరు మాస్కు పట్టుకొని, మరొకరు బ్యాగు పట్టుకుంటే మేలు.

4. చెవితమ్మె వెనుక, దవడ ఎముకకూ చెవి వెనుక ఎముకకూ మధ్య ఒక గుంట ఉంటుంది. రెండు వైపులా ఆ గుంటలలో వేళ్లతో లోపలికి గట్టిగా ఒత్తుతూ, దవడను ముందుకు లాగాలి. అమెరికాకు చెందిన డాక్టర్ లార్సన్ 1998లో ఈ పద్ధతిని రాసిన తరువాత అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. ఏ మందూ అవసరం లేని పని గనుక ప్రతి సిస్టరూ నేర్చుకోవచ్చు.

5. దీనితో తెరుచుకోకపోతే, శాచురేషన్ పడిపోతుంటే, మత్తు లోతు చేయాలి. సాధారణంగా ప్రొపోఫాల్ కిలోకు 0.5 నుండి 1 మి.గ్రా. నరం ద్వారా ఇస్తారు.

6. అప్పటికీ కాకపోతే సక్సినైల్‌కోలిన్ కిలోకు 1 నుండి 2 మి.గ్రా. నరం ద్వారా, దానితోపాటు అట్రోపిన్ కిలోకు 0.02 మి.గ్రా. ఇస్తారు. నరం దొరకకపోతే సక్సినైల్‌కోలిన్‌ను కిలోకు 4 మి.గ్రా. చొప్పున కండకు ఇవ్వవచ్చు. కండరాల క్షయ వ్యాధి ఉన్నా, రోజులు గడిచిన పెద్ద కాలిన గాయాలున్నా, మత్తులో ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చిన చరిత్ర కుటుంబంలో ఉన్నా ఈ మందు ప్రమాదం. అందుకే ఆ ప్రశ్నలు ముందురోజే అడిగి ఉండాలి.

7. కండరాలు వదులైన వెంటనే మాస్కుతో ఊపిరి ఇవ్వాలి, అవసరమైతే ట్యూబు వేయాలి. ఆక్సిజన్ అందిస్తున్నా నాడి 60 కంటే తక్కువగా ఉండి, రక్తప్రసరణ సరిగా లేకపోతే ఛాతీ ఒత్తిళ్లు మొదలుపెట్టాలి.

మందుల నిర్ణయం మత్తు డాక్టరుదే. మందు ఎక్కడ ఉందో, ఎంత తీయాలో సిస్టరుకు ముందే తెలిసి ఉంటే డాక్టరు చేతులు మాస్కును వదలవలసిన పని ఉండదు.

ఒక బిడ్డ లెక్క

రెండేళ్ల బిడ్డ, బరువు 12 కిలోలు అనుకుందాం. ప్రొపోఫాల్ కిలోకు 1 మి.గ్రా. చొప్పున 12 మి.గ్రా. సక్సినైల్‌కోలిన్ నరానికి 12 నుండి 24 మి.గ్రా., కండకు 48 మి.గ్రా. అట్రోపిన్ 0.24 మి.గ్రా. ట్యూబు సైజుకు వయసును నాలుగుతో భాగించి 4 కలపాలి, కనుక 4.5. కఫ్ ఉన్న ట్యూబు అయితే 3.5 కలపాలి, కనుక 4. పెదవి దగ్గర ట్యూబు లోతుకు వయసులో సగానికి 12 కలిపితే 13 సెం.మీ. వస్తుంది. లెక్కకు వచ్చిన సైజుతో పాటు అర సైజు పెద్దది, అర సైజు చిన్నది కూడా బల్ల మీద ఉండాలి. లారింజియల్ మాస్కు బరువును బట్టి ఉంటుంది. 5 నుండి 10 కిలోలకు ఒకటిన్నర, 10 నుండి 20 కిలోలకు రెండు నంబరు.

ఈ లెక్క బిడ్డను లోపలికి తీసుకురాకముందే అట్ట మీద రాసి, మత్తు మెషిన్ మీద అందరికీ కనబడేలా అంటించాలి. వయల్ మీద రాసి ఉన్న బలం చూసి, ఎన్ని మి.లీ. అవుతుందో కూడా పక్కనే రాయాలి. బిడ్డ నీలంగా మారుతున్నప్పుడు ఎవరి మనసూ గుణకారం చేయదు.

ట్యూబు వేసిన తరువాత ఇబ్బంది వస్తే

పుట్టిన బిడ్డ శ్వాసనాళం పొడవు 4 నుండి 5 సెం.మీ. మాత్రమే. తల ముందుకు వంచితే ట్యూబు లోపలికి జారి ఒక ఊపిరితిత్తికే గాలి పోవచ్చు. తల వెనక్కు వాల్చితే ట్యూబు బయటికి రావచ్చు. అందుకే బిడ్డ తల కదిపిన ప్రతిసారీ రెండు వైపులా గాలి శబ్దం వినాలి.

ట్యూబు ఉండగానే శాచురేషన్ పడిపోతే నాలుగు విషయాలు వరుసగా చూడాలి. ట్యూబు స్థానం తప్పిందా? కఫంతోనో రక్తంతోనో మూసుకుపోయిందా, మడతపడిందా? ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా? మెషిన్, గొట్టాలు, ఆక్సిజన్ సిలిండరు సరిగా ఉన్నాయా? అనుమానం వస్తే మెషిన్‌ను పక్కన పెట్టి అంబు బ్యాగుతో ఊపిరి ఇవ్వాలి. కనుక పిల్లల సైజు అంబు బ్యాగు ఎప్పుడూ తల దగ్గర ఉండాలి.

ట్యూబు పడకపోతే

ట్యూబు పడనంత మాత్రాన బిడ్డ చనిపోడు. ఆక్సిజన్ అందకపోతేనే చనిపోతాడు. పదే పదే ప్రయత్నిస్తే గొంతు వాచి, మాస్కుతో పోయే గాలి కూడా పోకుండా అవుతుంది. ఒకటి రెండు ప్రయత్నాల తరువాత మాస్కుకు తిరిగి రావాలి. నోటి ఎయిర్‌వే పెట్టాలి, భుజాల కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టి మెడ సరిచేయాలి, లారింజియల్ మాస్కు ప్రయత్నించాలి. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే బిడ్డను లేపి మరో రోజు చేయవచ్చు.

ఇక్కడ ధైర్యంగా మాట్లాడవలసిన అవసరం వస్తుంది. పెద్దవారి విషయమే అయినా ఒక సంఘటన చెప్పుకోవాలి. 2005లో ఇంగ్లండులో ఎలైన్ బ్రొమైలీ అనే 37 ఏళ్ల తల్లికి సైనస్ ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి దారి దొరకలేదు. డాక్టర్లు అనుభవజ్ఞులే. ట్యూబు వేయాలన్న ప్రయత్నంలో నిమిషాలు గడిచిపోయాయి. ఒక నర్సు మెడ దగ్గర దారి చేసే సామాను తెచ్చి ఉంచింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. కొన్ని రోజులకు ఆమె మరణించింది. విమాన పైలటు అయిన ఆమె భర్త మార్టిన్, ఎవరినీ శిక్షించమని అడగకుండా, ఇతరులు నేర్చుకోవాలని ఈ కథను వైద్యలోకానికి చెప్పాడు.

అందుకే థియేటరులో ఒకరు గడియారం చూస్తూ "డాక్టరుగారూ, ఒక నిమిషమైంది, శాచురేషన్ 80" అని గట్టిగా చెప్పాలి. "సార్, ఇది రెండవ ప్రయత్నం, మాస్కు సిద్ధంగా ఉంది" అనాలి. పెద్దవారికి ఎదురు చెప్పినట్టవుతుందేమోనని సంకోచించవద్దు. ఆ బల్ల మీది బిడ్డ తన మాట తాను చెప్పలేడు.

ముందురోజు వార్డులో

రెండు వారాలలోపు జలుబు చేసిన పిల్లలలోనూ, ఇంట్లో పొగ తాగేవారున్న పిల్లలలోనూ మత్తు సమయంలో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 9,297 మంది పిల్లలను గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇది తేలింది. జ్వరం, కఫంతో కూడిన దగ్గు, పిల్లికూతలు, నలత ఉంటే ఆగగలిగిన ఆపరేషన్‌ను వాయిదా వేయడమే క్షేమం. ఎన్ని వారాలు ఆగాలో మత్తు డాక్టరు చెబుతారు.

దూరపు ఊరినుండి అప్పు చేసి బస్సు చార్జీలు పెట్టుకొని, కూలి మానుకొని వచ్చిన తల్లికి వాయిదా అన్న మాట పిడుగులా ఉంటుంది. అందుకే కొందరు దగ్గును దాచిపెడతారు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. "అమ్మా, చెప్పినందుకు ఎవరూ కోప్పడరు. బాబు పేరు కొట్టివేయము, కొత్త తేదీ ఇప్పుడే రాసి ఇస్తాము" అని సిస్టరు ముందే చెబితే నిజం బయటికి వస్తుంది. ఆ తేదీని నిజంగానే రాసి చేతిలో పెట్టాలి.

రెండవది పరగడుపు. అన్నం, టిఫిన్, బిస్కెట్, గేదె పాలు, డబ్బా పాలు 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. బ్రిటన్, ఫ్రాన్స్ తదితర దేశాల పిల్లల మత్తు వైద్య సంఘాలు 2018నుండి నీళ్లకు 1 గంట చాలునని అంటున్నాయి. మీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పిందే పాటించండి. మజ్జిగ, జావ నీళ్ల లెక్కలోకి రావు. రాత్రినుండి నీళ్లు కూడా ఇవ్వకుండా బిడ్డను ఎండగట్టడం కూడా తప్పే. కనుక ఆపరేషన్ల జాబితాలో పసిబిడ్డలు మొదట ఉండాలి. ఉదయం తల్లిని అడిగితే చాలదు, పక్కనున్న నాయనమ్మను, అమ్మమ్మను కూడా అడగండి. ఏడ్చే మనవడి చేతిలో బిస్కెట్ పెట్టేది చాలాసార్లు వారే.

ఆపరేషన్ తరువాత

ట్యూబు తీసిన తరువాతి నిమిషాలు కూడా అంతే జాగ్రత్తగా చూడవలసినవి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్, పల్స్ ఆక్సీమీటరు పెట్టి, పూర్తిగా మేలుకునే వరకు ఒకరు పక్కనే ఉండాలి. టాన్సిల్స్ తీసిన బిడ్డ ఊరికే గుటకలు వేస్తుంటే రక్తం మింగుతున్నాడేమో చూడాలి. లారింగోస్పాజం వచ్చి తగ్గిన బిడ్డకు ఊపిరితిత్తులలో నీరు చేరే అవకాశం ఉంది. ఊపిరి వేగం పెరిగినా, గులాబి రంగు నురగ కనిపించినా వెంటనే డాక్టరును పిలవాలి. జరిగిన సంగతి తల్లిదండ్రులకు నెమ్మదిగా, దాచకుండా చెప్పి, చీటీ మీద రాసి ఇవ్వాలి. మరో ఆసుపత్రిలో మరో మత్తు ఇచ్చేవారికి ఆ చీటీ ఉపయోగపడుతుంది.

నేర్చుకున్నది సరిచూసుకుందాం

1. కూత ఆగిపోవడం ఎప్పుడు మంచి గుర్తు కాదు?
2. తలుపు మూసి ఉండగా బ్యాగును బలంగా నొక్కితే ఏమవుతుంది?
3. నాలుగేళ్లు, 16 కిలోల బిడ్డకు కఫ్ లేని ట్యూబు ఏ సైజు? పెదవి దగ్గర లోతు ఎంత? సక్సినైల్‌కోలిన్ కండకు ఎంత?
4. మీ థియేటరులో పిల్లల అంబు బ్యాగు, సక్సినైల్‌కోలిన్ ఈ రోజు ఎక్కడ ఉన్నాయి? ఎవరినీ అడగకుండా అర నిమిషంలో తేగలరా?

మూడవ ప్రశ్నకు జవాబులు: 5 సైజు, 14 సెం.మీ., 64 మి.గ్రా. నాలుగవదానికి జవాబు మీరే వెళ్లి చూడాలి. నెలకు ఒకసారి, ఆపరేషన్లు లేని మధ్యాహ్నం, ఒక బొమ్మను బల్ల మీద పెట్టి, ఎవరు మాస్కు పడతారు, ఎవరు మందు తీస్తారు, ఎవరు గడియారం చూస్తారు అని పంచుకొని పది నిమిషాలు సాధన చేయండి.

ప్రతి ఊపిరీ దేవుని దానమని మనం నమ్ముతాము. తల్లి తన బిడ్డను థియేటరు తలుపు దగ్గర మన చేతుల్లో పెట్టినప్పుడు, ఆ దానానికి కొంతసేపు మనమే కాపలాదారులం. ఆ కాపలాకు ప్రార్థనతో పాటు సిద్ధపాటు కూడా కావాలి.